తిమింగలం కొవ్వులో తేలిన అంకెను ఎలా చదవాలి?

ప్రశ్న: ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓ ఓర్కా (కిల్లర్ వేల్) ఒంట్లో పీసీబీలనే పాత పారిశ్రామిక రసాయనాలు ప్రమాదస్థాయికి 20 రెట్లు ఉన్నాయని ఒకచోట, 100 రెట్లని ఇంకోచోట చదివాను. ఏది నిజం? వాటిని నిషేధించి నలభై ఏళ్లు దాటింది కదా, ఇంకా ఎక్కడి నుంచి వస్తున్నాయి? అవే నీళ్లలో చేపలు బాగానే ఉంటే వీటికే ఎందుకు ఈ గతి? అది చచ్చిపోయింది వాటి వల్లేనా?

జవాబు: మీరు చదివింది లులూ గురించే అయ్యుండాలి. 2016 జనవరిలో స్కాట్లండ్ పడమటి తీరాన, టైరీ దీవి ఒడ్డున దొరికిన ఆడ ఓర్కా అది. మీ చివరి ప్రశ్నతోనే మొదలుపెడతాను. వార్తల్లో ఎక్కువ తికమక అక్కడే. లులూ చనిపోయింది చేపలవేట తాళ్లలో చిక్కుకుని. పీసీబీల మీద అనుమానం వేరే విషయంలో. దాని వయసు కనీసం ఇరవై ఏళ్లని తేలింది, కానీ అండాశయాలు చూస్తే ఒక్కసారి కూడా ఎదకు వచ్చిన ఆనవాలు లేదు. ఓర్కాలు మామూలుగా పన్నెండు, పదిహేనేళ్ల మధ్య మొదటి పిల్లను ఈనుతాయి. దాని గుంపులో అప్పటికి మిగిలినవి ఎనిమిది దాకా. ఇరవై ఏళ్లకు పైగా గమనిస్తున్నా ఆ గుంపులో ఒక్క పిల్ల కూడా ఎవరికీ కనబడలేదు.

ఇక 20 రెట్లా, 100 రెట్లా అంటే, రెండూ సరైనవే. లులూ కొవ్వులో కిలోకు 957 మిల్లీగ్రాముల పీసీబీలు తేలాయి. కొలత ఒక్కటే, దాన్ని పోల్చిన హద్దులు రెండు. ఒకటి కిలో కొవ్వుకు 9 మిల్లీగ్రాములు. అక్కడి నుంచి ఒంట్లో హార్మోన్లు, రోగనిరోధక శక్తి లాంటివి దెబ్బతినడం మొదలవుతుందని లెక్క. రెండోది 41 మిల్లీగ్రాములు. బాల్టిక్ సముద్రంలో గర్భసంచి మూసుకుపోయి పిల్లలు పుట్టని రింగ్డ్ సీళ్లను పరిశీలించినప్పుడు వచ్చిన హద్దు అది. 957ని మొదటిదానితో భాగిస్తే నూరు దాటుతుంది, రెండోదానితో భాగిస్తే 23. విలేకరి చేతికి ఏ అంకె దొరికితే అది శీర్షికలోకి ఎక్కింది. ఒక మాట మాత్రం గుర్తుంచుకోండి: ఈ రెండు హద్దులూ సీళ్లు, మింక్‌ల (ముంగిసలాంటి చిన్న జంతువులు) లాంటి వేరే జంతువుల నుంచి తెచ్చుకున్నవి. ఓర్కాకు పీసీబీలు తినిపించి చూసినవాళ్లు లేరు, ఉండకూడదు కూడా. కాబట్టి నా దృష్టిలో ఇవి దాటగానే గంట మోగే గీతలు కావు, ఎంత కంగారు పడాలో చెప్పే కొలబద్దలు.

చేపలకు లేని బాధ వీటికెందుకంటే, దానికి మూడు కారణాలున్నాయి. అందరూ చెప్పేది మొదటిదే: ఆహార గొలుసు. నీళ్లలో పీసీబీలు దాదాపు కొలవలేనంత తక్కువ. నీళ్లలో తేలే అతిచిన్న జీవులైన ప్లవకాల్లో కాస్త, వాటిని తినే చిన్న చేపల్లో ఇంకాస్త, పెద్ద చేపల్లో మరింత, సీల్‌లో ఇంకా ఎక్కువ. సీళ్లను తినే ఓర్కా ఆ గొలుసుకు కొసన ఉంటుంది. అందుకే రొయ్యల్లాంటి చిన్న క్రిల్ తినే నీలి తిమింగలం ఎంత పెద్దదైనా దాని కొవ్వు ఓర్కా కొవ్వుకన్నా చాలా శుభ్రం. ఈ తేడా ఒకే జాతిలో కూడా కనబడుతుంది. బ్రిటిష్ కొలంబియా తీరంలో 2000లో అచ్చయిన ఒక అధ్యయనంలో సీళ్లను, డాల్ఫిన్లను వేటాడే మగ ఓర్కాల్లో కిలో కొవ్వుకు సగటున 251 మిల్లీగ్రాములు ఉంటే, అదే తీరాన ఉత్తరం వైపు చేపలు తిని బతికే మగవాటిలో 37 మాత్రమే తేలాయి.

రెండో కారణం చాలామంది పట్టించుకోరు. చేప మొప్పలతో ఊపిరి తీసుకుంటుంది. రోజంతా నీళ్లు మొప్పల మీదుగా పోతూ ఉంటాయి, ఆ దారిలో కొంత రసాయనం తిరిగి నీళ్లలోకి జారిపోతుంది. తిమింగలం పీల్చేది గాలి. కొవ్వులో కరిగే ఈ రసాయనాలు ఊపిరి ద్వారా పోవడం చాలా తక్కువ. లోపలికి రావడానికి తిండి ఉంది, బయటికి పోవడానికి దారి లేదు.

మూడోది లివర్ సంగతి. పీసీబీ అంటే ఒక్క పదార్థం కాదు, 209 రకాల కుటుంబం. నేలమీద తిరిగే జంతువుల లివర్ వీటిలో కొన్నింటిని విరగ్గొట్టి బయటికి పంపేస్తుంది. తిమింగలాలు, డాల్ఫిన్లలో ఆ ఎంజైములు చాలా బలహీనం. డాల్ఫిన్ కొవ్వు రిపోర్టు చూస్తే 153వ నంబరు పీసీబీ లాంటి మొండి రకాలే పైన కనబడతాయి.

ఇప్పుడు కాస్త ల్యాబ్ విషయానికి వస్తాను. ఈ పనిలో చాలా ఏళ్లుగా ఉన్నాను కాబట్టి, వార్తల్లో అంకె చూడగానే నాకు ముందు వచ్చే అనుమానం శాంపిల్ ఎలా తీశారని. చర్మం కింద ఉండే కొవ్వు పొరను బ్లబ్బర్ అంటాం. అది పైనుంచి కింది దాకా ఒకేలా ఉండదు. చర్మానికి ఆనుకున్న పొర గట్టిగా, పీచు పీచుగా ఉంటుంది, అది అంత తొందరగా కరగదు. కండకు ఆనుకున్న పొర మెత్తగా ఉంటుంది. ఆకలేస్తే ముందు కరిగేది అదే. అందుకని కత్తిని కండ తగిలేదాకా దింపి, మొత్తం పొర వచ్చేలా ముక్క కోస్తాం. పైపైన గీరి తెచ్చిన ముక్కతో లోపలి సంగతి తెలియదు. ఎండలో పడి ఉన్న కళేబరమైతే ఇంకో చిక్కు: కోసిన చోట నుంచి పసుపురంగు నూనె కారిపోతూ ఉంటుంది. దానితోపాటు మనం వెతికే రసాయనమూ పోతుంది. కోసిన ముక్కను అల్యూమినియం ఫాయిల్‌లో చుడతాం, ప్లాస్టిక్ తగలనివ్వం, అందులోని రసాయనాలు కొవ్వులోకి దిగుతాయని. పాదరసం కోసం పంపే లివర్ ముక్కకైతే ఫాయిల్ పనికిరాదు, ప్లాస్టిక్ డబ్బానే కావాలి. పక్కపక్కన కోసిన రెండు ముక్కలకు రెండు రకాల ప్యాకింగ్.

అంకె చూసేటప్పుడు 'కిలోకు' అన్న మాట పక్కన ఏముందో చూడండి. కిలో బ్లబ్బర్‌కా, అందులోంచి తీసిన కిలో శుద్ధ కొవ్వుకా? బ్లబ్బర్‌లో నీరు, పీచు కూడా ఉంటాయి కాబట్టి రెండూ ఒకటి కావు. ఒకటి ఇలా, మరొకటి అలా లెక్కగట్టిన రెండు జంతువులను పోల్చేసి 'రెట్టింపు కాలుష్యం' అని రాసినవి చాలానే చూశాను.

దీనికన్నా పెద్ద మెలిక బక్కచిక్కిన జంతువుది. ఒక డాల్ఫిన్ ఒంట్లో 100 కిలోల కొవ్వు, అందులో ఒక గ్రాము పీసీబీలు ఉన్నాయనుకోండి. కిలోకు 10 మిల్లీగ్రాములు. జబ్బు చేసి తిండి మానేసింది, కొవ్వు సగం కరిగిపోయింది. కొత్తగా ఏమీ తినకపోయినా ఇప్పుడు ఆ అంకె 20కి దగ్గరవుతుంది. చెరువు ఎండేకొద్దీ మిగిలిన నీళ్లు ఉప్పనైనట్టు. ఒడ్డుకు కొట్టుకొచ్చేవాటిలో చాలామటుకు ఇలా నీరసించి చనిపోయినవే. అందుకే జంతువు ఎంత లావుగా ఉంది, కొవ్వు మందం ఎంత అన్నది రాయని రిపోర్టును నేను సగమే నమ్ముతాను.

తర్వాత అడగాల్సింది ఆడా మగా అని. నిజానికి ఈ విషయం మొత్తంలో నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఇదే. మగ డాల్ఫిన్‌లో వయసుతోపాటు పీసీబీలు పెరుగుతూనే పోతాయి. ఆడదానిలో కాన్పు వచ్చేదాకా పెరిగి, ఆ తర్వాత ఒక్కసారిగా పడిపోతాయి. ఎక్కడికి పోయాయి? పాలలోకి. ఈ జంతువుల పాలు మనకు తెలిసిన పాలలా ఉండవు, చాలా చిక్కన. హుడెడ్ సీల్ పాలలో 60 శాతం దాకా కొవ్వే, పిల్లకు అవి తాగించేది నాలుగు రోజులు. తల్లి ఏళ్ల తరబడి దాచుకున్న కొవ్వును కరిగించి పాలు చేస్తుంది, అందులో ఉన్నదంతా పిల్లకు వెళ్తుంది. దక్షిణాఫ్రికా తీరంలోని బాటిల్‌నోస్ డాల్ఫిన్ల మీద వేసిన ఒక అంచనా ప్రకారం, మొదటి కాన్పులో తల్లి తన ఒంట్లోని ఇలాంటి రసాయనాల్లో దాదాపు 80 శాతాన్ని కొన్ని వారాల్లోనే పిల్లకు దింపేస్తుంది. రెండో పిల్లకు వచ్చేసరికి తల్లి దగ్గర మిగిలేది తక్కువ. ఫ్లోరిడాలోని సరసోటా బేలో 1970 నుంచి డాల్ఫిన్లను తరాల వారీగా గమనిస్తున్నారు. అక్కడ తొలిచూలు పిల్లల్లో రసాయనాలు ఎక్కువ, బతికి బట్టకట్టేవి తక్కువ. తొలిసారి తల్లి కావడంతో ఉండే అనుభవలేమి కూడా అందుకు ఒక కారణం కావచ్చు, తప్పంతా రసాయనాల మీదికి నెట్టలేం.

లులూ దగ్గరికి మళ్లీ వస్తే, ఆడదానిలో 957 అన్న అంకె ఎందుకు అంత విపరీతమో ఇప్పుడు అర్థమవుతుంది. దానికి కాన్పే లేదు, దించుకునే దారే లేదు. పీసీబీల వల్ల పిల్లలు పుట్టలేదా, పిల్లలు పుట్టక పీసీబీలు పేరుకున్నాయా? ఒక్క కళేబరాన్ని చూసి ఈ ముడి విప్పడం కుదరదు. రెండూ కలిసి ఒకదాన్నొకటి పెంచి ఉండొచ్చు.

ఈ తల్లీపిల్లల సంగతికి చాలా విచిత్రమైన సాక్ష్యం ఒకటుంది. పెద్ద తిమింగలాల చెవిలో గులిమి బయటికి రాదు, జీవితాంతం పొర మీద పొరగా పేరుకుంటుంది. 2007లో కాలిఫోర్నియాలో శాంటా బార్బరా దగ్గర ఓడ గుద్దుకుని చనిపోయిన ఓ మగ నీలి తిమింగలం చెవిలోంచి జానెడు పొడవుకు పైగా ఉన్న గులిమి కడ్డీని తీశారు. నిలువునా కోసి ఒక్కో పొరనూ విడివిడిగా పరీక్షించారు. ఫలితాలు 2013లో వచ్చాయి. దాని జీవితంలో పురుగుమందులు, చాలాకాలం విరగని ఇతర రసాయనాలు బాగా ఎక్కువగా కనబడింది మొదటి ఏడాదిలోనే. అంటే తల్లి దగ్గర ఉన్న రోజుల్లో.

నలభై ఏళ్ల కిందట నిషేధించాక ఇంకా ఎక్కడివి అన్నారు. తయారీ ఆగింది గానీ, తయారైన సరుకు ఎక్కడికీ పోలేదు. 1929లో మొదలై దశాబ్దాల పాటు పది లక్షల టన్నులకు పైగా పీసీబీలు తయారయ్యాయి. ట్రాన్స్‌ఫార్మర్లలో నూనెగా, కెపాసిటర్లలో, కట్టడాల సందులు పూడ్చే సీలెంట్లలో, రంగుల్లో వాడారు. అమెరికా 1979లో నిషేధించింది. 2001లో కుదిరిన స్టాక్‌హోమ్ ఒప్పందం ప్రకారం పాత పరికరాల వాడకం 2025కల్లా ఆపాలి, 2028కల్లా ఆ సరుకును సురక్షితంగా వదిలించుకోవాలి. ఆ పని చాలా వెనకబడి ఉంది. పాత భవనం కూల్చినా, చెత్తదిబ్బ కారినా, రేవులో ఓడల కోసం బురద తవ్వినా కొంత మళ్లీ నీళ్లలో కలుస్తుంది. వేడిగా ఉన్న చోట ఆవిరై, చల్లగా ఉన్న చోట దిగి, అలా మెల్లమెల్లగా ధ్రువాల వైపు చేరుతుంది. ఫ్యాక్టరీ జాడే లేని ఆర్కిటిక్‌లో ధ్రువపు ఎలుగుబంట్లకు వచ్చింది ఈ దారినే.

అవి చంపుతాయా మరి? కళేబరం కోసి 'ఇది పీసీబీ మరణం' అని రాయగలిగే గుర్తు ఏదీ లేదు. అలా రాస్తే నమ్మకండి. కానీ వందల కళేబరాలను పక్కపక్కన పెడితే వేరే కథ కనబడుతుంది. బ్రిటన్‌లో ఒడ్డుకొచ్చిన హార్బర్ పోర్పస్‌లను (డాల్ఫిన్లకు దగ్గరి చిన్న జంతువులు) రెండుగా విడదీశారు: వలలో పడో దెబ్బ తగిలో చనిపోయినవి ఒకవైపు, అంటురోగంతో పోయినవి మరోవైపు. రోగంతో పోయినవాటిలో పీసీబీలు ఎక్కువ. కిలో కొవ్వుకు ఒక్క మిల్లీగ్రాము పెరిగితే రోగంతో చనిపోయే ముప్పు 2 శాతం చొప్పున పెరుగుతోందని 2006లో లెక్కతేల్చారు. 1988లో ఉత్తర ఐరోపా తీరాల్లో దాదాపు 18,000 హార్బర్ సీళ్లు చనిపోయాయి. కారణం కుక్కలకు వచ్చే డిస్టెంపర్ జాతి వైరస్. కాలుష్యం దానికి తోడైందా అని తేల్చడానికి నెదర్లాండ్స్‌లో రెండు గుంపుల సీళ్లను పెంచారు. ఒకదానికి శుభ్రమైన అట్లాంటిక్ హెర్రింగ్ చేప, రెండోదానికి కలుషితమైన బాల్టిక్ హెర్రింగ్ పెట్టారు. అది మనుషులు తినడానికి మార్కెట్లో అమ్మే చేపే. బాల్టిక్ చేప తిన్నవాటిలో వైరస్‌తో పోరాడే రక్తకణాల చురుకు తగ్గిపోయింది. చంపేది వైరస్, తలుపు తీసేది రసాయనం అనుకోవచ్చు.

'కళేబరమే విషపు వ్యర్థం' అన్న మాట కూడా మీరు వినే ఉంటారు. అది కెనడాలో సెయింట్ లారెన్స్ నదీముఖంలోని బెలూగాల (తెల్ల తిమింగలాలు) గురించి పుట్టింది. అక్కడి చట్టంలో కిలోకు 50 మిల్లీగ్రాముల పీసీబీలు దాటిన చెత్తను ప్రమాదకర వ్యర్థంగా చూస్తారు, కొన్ని బెలూగాలు ఆ గీత దాటాయి. అది చెత్త పారబోయడానికి పెట్టిన గీత, జంతువు ఆరోగ్యానికి పెట్టింది కాదు. వాటి అసలు విషాదం వేరే రసాయనంతో. 1980, 90ల్లో పరీక్షించిన పెద్ద బెలూగాల కళేబరాల్లో 27 శాతంలో క్యాన్సర్ కనబడింది. తిమింగలాలు, డాల్ఫిన్లలో అంత క్యాన్సర్ అప్పటిదాకా ఎక్కడా వినలేదు. అనుమానం దగ్గరలోని సాగినే నది పక్క అల్యూమినియం ఫ్యాక్టరీల నుంచి వచ్చిన బెంజోపైరీన్ లాంటి తారు రసాయనాల మీదికి పోయింది. 1970ల నుంచి ఆ ఉద్గారాలు తగ్గాయి. 1971 తర్వాత పుట్టిన బెలూగాల్లో ఆ క్యాన్సర్లు కనబడలేదు. బాల్టిక్‌లోనూ అంతే. డీడీటీ, పీసీబీలు తగ్గాక, వేట కూడా ఆగాక, కొన్ని వేలకు పడిపోయిన గ్రే సీళ్లు ఇప్పుడు పదుల వేలల్లో ఉన్నాయి. ఆపితే ఫలితం ఉంటుంది, కాకపోతే అది కనబడటానికి ఒక తరం పడుతుంది.

అన్నీ కొవ్వులో చేరవు. పాదరసం కండలో, మెదడులో, ఎక్కువగా లివర్‌లో చేరుతుంది. ముసలి డాల్ఫిన్ లివర్‌లో పాదరసం అంకె చూస్తే కళ్లు తిరుగుతాయి, కానీ అందులో చాలా భాగం సెలీనియంతో కలిసి కదలని రేణువులుగా మారి ఉంటుంది. కండలోది అలా కాదు, అది ఎక్కువగా మెదడుకు హాని చేసే మిథైల్ పాదరసమే. ఫారో దీవుల్లో పైలట్ తిమింగలం మాంసం తిన్న తల్లులకు 1986, 87ల్లో పుట్టిన పిల్లలను ఏళ్లపాటు పరీక్షిస్తే జ్ఞాపకశక్తి, ఏకాగ్రత, భాష మీద ప్రభావం కనబడింది. 2008లో అక్కడి వైద్యాధికారులే ఇక ఆ మాంసం తినొద్దన్నారు. నాన్‌స్టిక్ పూతల తయారీలో, మంటలార్పే నురగల్లో వాడిన పీఎఫ్ఏఎస్ రసాయనాలు కూడా కొవ్వును వదిలి రక్తంలోని, లివర్‌లోని ప్రోటీన్లకు అతుక్కుంటాయి. బ్లబ్బర్ మాత్రమే పరీక్షించి 'శుభ్రంగా ఉంది' అంటే వాటిని అసలు చూడలేదన్నమాట. ఇంకోటి, 2018లో బయటపడింది: కొన్ని పురుగుమందులను విరగ్గొట్టే పాన్‌1 అనే జన్యువు మనకుంది, నేలమీది జంతువులకుంది, తిమింగలాలు, మనాటీల (గడ్డి తినే నీటి జంతువులు) పూర్వీకుల్లో మాత్రం ఎప్పుడో పాడైపోయింది. సముద్రంలో దాని అవసరం పడలేదేమో. పొలాల నీళ్లు కలిసే కాలవల్లో తిరిగే మనాటీలకు ఇప్పుడు పడింది.

మీరు అడగలేదు గానీ, దీని తర్వాత ఎవరైనా అడిగేది ఒకటుంది: బతికున్నవాటికి ఏం చేయగలం? ఒంట్లోంచి పీసీబీలు తీయడానికి మందు లేదు. ప్రపంచంలోని ఓర్కా గుంపుల్లో సగానికి పైగా వచ్చే వందేళ్లలో పీసీబీల వల్లే కుప్పకూలవచ్చని 2018లో ఒక కంప్యూటర్ లెక్క చెప్పింది. కానీ అమెరికా, కెనడా సరిహద్దు జలాల్లో మిగిలిన డెబ్బై పైచిలుకు సదరన్ రెసిడెంట్ ఓర్కాల దగ్గర చేసిన పని చూస్తే ఒక దారి కనబడుతుంది. పడవ ముందు భాగంలో వాసన పట్టే కుక్కను నిలబెట్టి, నీళ్ల మీద తేలే వాటి పేడను వల గరిటెతో ఎత్తి పరీక్షించారు. అవి తినే చినూక్ సాల్మన్ చేపలు తక్కువగా దొరికే రోజుల్లో ఆ పేడలో రసాయనాలు ఎక్కువగా ఉన్నాయి. తిండి దొరక్క కొవ్వు కరుగుతోంది, దాచిపెట్టిన విషం రక్తంలోకి వస్తోంది. అందుకే ఆ గుంపును విషాల నుంచి కాపాడటానికి డబ్బు ఎక్కడ పెట్టాలని అడిగితే, నేను ముందు సాల్మన్ నదుల మీద పెట్టమంటాను.